మీ అత్త సెలవులు, తాతయ్య కారు

తలుపు దగ్గరగా వెయ్యి. పూర్తిగా వెయ్యకు, తాతయ్య లేచి వస్తే మనకి తెలియాలి. గురక వినిపిస్తోంది కదా? సరే. ఆ ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి నా ఒళ్ళో ఉంచు, నువ్వు ల్యాప్‌టాప్‌లో కొట్టుకో. గట్టిగా మాట్లాడను, నువ్వే చెవి ఇటు పడెయ్యి. ఇప్పుడు చెప్పేది ఆయన చెవిన పడకూడదు. అదొక్కటే నా షరతు.

నా కుడికాలు ఎందుకిలా అయిందని అడిగావు కదా. ఆ వేసవి నువ్వు ఇక్కడ లేవు. ఇంటర్న్‌షిప్ అని బెంటన్‌విల్ వెళ్ళావు. ఫోన్ చేసినప్పుడల్లా 'నానమ్మా, ఇక్కడ ఏం లేదు, కార్ లేకపోతే పాలు కూడా దొరకవు' అని ఏడ్చేదానివి. నీకు గరాజ్‌లో జారిపడ్డానని చెప్పాం. దూరంలో ఉన్న పిల్లకి ఇంకేం చెప్తాం?

అసలు గొడవంతా అక్కడే మొదలైంది, దూరంలో ఉన్న పిల్లకి ఏం చెప్తాం అనే దగ్గర.

మీ అత్త ఈ ఇంట్లోనే పెరిగింది. ఈ క్యారీ ఊళ్ళోనే బడికి పోయింది. రెండేళ్ళ ప్రాజెక్ట్ అని హైదరాబాద్ వెళ్ళి అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయింది. మేం ఆ దేశం వదిలి ఈ అమెరికాకొస్తే, ఇది ఈ దేశం వదిలి అక్కడికి పోయింది. అందరూ ఇండియా నుంచి పచ్చళ్ళు తెప్పించుకుంటారు. నేనేమో ఇంటి వెనక డెక్ మీద కుండీల్లో గోంగూర వేసి, పచ్చడి చేసి, ఎవరైనా వెళ్తుంటే హైదరాబాద్ పంపేదాన్ని. నవ్వకు! అక్కడి గోంగూరలో పులుపు లేదంటుంది అది. చిన్నప్పుడు ఏది తింటే అదే రుచి మరి.

ఆ ఏడు చలికాలంలో డాక్టర్ తాతయ్యకి పరీక్షలన్నీ చేసి ఆ జబ్బు పేరు చెప్పేశాడు. ఇక డ్రైవింగ్ చెయ్యకూడదన్నాడు. వచ్చేటప్పుడు మీ నాన్నే కారు నడిపాడు. తాతయ్య పక్క సీట్లో, ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఎవరి కార్లోనో లిఫ్ట్ అడిగి ఎక్కినవాడిలా కూర్చున్నారు. ఇంటికొచ్చాక బూట్లు కూడా విప్పలేదు. సోఫాలో కూర్చుని నన్ను పిలిచారు.

"ఏమోయ్, అమ్మలుకి మాత్రం చెప్పొద్దు" అన్నారు. మీ అత్తని ఆయన అలాగే పిలుస్తారు కదా.

"ఎందుకు చెప్పకూడదండీ? ఇవాళ కాకపోతే రేపు తెలీదూ?"

"రేపు తెలిస్తే రేపు ఏడుస్తుంది. ఏడాదికోసారి వస్తుంది పిల్ల. ఈ ఒక్కసారీ నన్ను వాళ్ళ నాన్నలాగా చూసి వెళ్ళనీ."

మీ నాన్న ఒప్పుకోలేదు. "అమ్మా, ఇది తప్పు. అక్కకి చెప్పి తీరాలి" అన్నాడు. నేనే వాడి నోరు మూయించాను. మనవాళ్ళ పద్ధతి అది. మా అమ్మ పోయినప్పుడు నాకేమని ఫోన్ చేశారనుకున్నావు? 'కాస్త సీరియస్‌గా ఉంది, బయల్దేరి రా' అన్నారు. దారంతా దేవుళ్ళకి మొక్కుకుంటూ పోయాను. తీరా అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో మా చిన్నాన్న బోడిగుండుతో నిలబడి ఉన్నాడు. అప్పుడు తెలిసింది. కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ మన వంతు వచ్చేసరికి మనమూ అదే చేస్తాం. దూరంగా ఉన్నవాళ్ళు ఏమీ చెయ్యలేరు, చెప్పి ఏడిపించడం ఎందుకు అనుకుంటాం.

కారు తాళాలు బియ్యం డబ్బాలో దాచాను. జూన్‌లో మీ అత్త వస్తోందంటే కొత్త చిక్కు వచ్చింది. ప్రతిసారీ ఎయిర్‌పోర్ట్‌కి తాతయ్యే వెళ్ళి తీసుకొచ్చేవారు, మళ్ళీ తిరిగి వెళ్ళేటప్పుడు ఆయనే దింపేవారు. ఆ పని ఇంకెవర్నీ చెయ్యనిచ్చేవారు కాదు. ఈసారి ఎందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలి? ఉగాది వెళ్ళాక ఆయనకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. అది నిజమే. దాన్ని కాస్త ముందుకు జరిపి, మొన్ననే అయిందనీ, కొన్నాళ్ళు డ్రైవ్ చెయ్యొద్దన్నారనీ చెప్పుకున్నాం. అబద్ధమంటే అలా ఉండాలి అనుకున్నాను అప్పుడు. కాస్త నిజం కలిపితే ఎవరూ పట్టుకోలేరని.

మీ అత్త వచ్చింది. హాల్లో సూట్‌కేస్ తెరిచి ఉస్మానియా బిస్కట్లు, ఎండబెట్టిన చింతచిగురు, నాకో మంగళగిరి చీర, నీకు గాజులు, అన్నీ పరిచింది. పరిచి కార్పెట్ మీదే వెల్లకిలా పడుకుంది.

"అమ్మా, ఈసారి బీచ్ వద్దు, న్యూయార్క్ వద్దు, ఎవరింటికీ డిన్నర్లకి వద్దు. నాకు నిద్ర కావాలి. అక్కడ నాకు నిద్రే లేదు."

"పడుకో తల్లీ, నిన్నెవరు లేపుతారు?" అన్నాను. లోపల నాకెంత హాయిగా ఉందో! ఎంత పడుకుంటే అంత మంచిది. మెలకువగా ఉన్న పిల్ల కళ్ళు అన్నీ చూస్తాయి కదా.

నిజంగానే పడుకుంది. పొద్దున లేచేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చేవాడు. లేచి మజ్జిగ తాగి డెక్ మీద ఆ పొడుగు కుర్చీలో వాలిపోయేది. చుట్టూ బీరపాదు, కీచురాళ్ళ గోల, ఒళ్ళంతా జిడ్డుపట్టే ఈ ఊరి ఉక్క. ఇండియన్ స్టోర్‌లో పెట్టె మామిడిపళ్ళు తెచ్చి అక్కడే కూర్చుని టెంకలు చీకేది. సాయంత్రం నన్నడిగి తీసుకున్న కారు తాళాలతో తాతయ్యని చెరువు గట్టు దాకా తిప్పుకొచ్చేది. "నాన్న పక్కన కూర్చుంటే డ్రైవింగ్ టెస్ట్ ఇస్తున్నట్టుంది" అని నవ్వేది. ఆయనా నవ్వేవారు. అలా నవ్వినప్పుడు నాక్కూడా ఆ డాక్టరేదో పొరపాటు పడ్డాడేమో అనిపించేది.

కానీ నా పని నాకుండేది. పొద్దున్నే ఆయన చొక్కా, ప్యాంటు వరసగా పరిచి పెట్టడం. భోజనాల దగ్గర ఆయన పక్కనే కూర్చోవడం. ఆయన మాట మధ్యలో ఆగిపోతే ఆ మాట నేను అందుకోవడం. 'అదేనమ్మా, ఆ... ఆ...' అంటూ వేళ్ళు కదిపేవారు. నేను వెంటనే 'మెంతికూర పప్పు గురించేగా' అనో, 'ఆ పక్క వీధి డాక్టరు గారేగా' అనో దూరిపోయేదాన్ని. మీ అత్తకి ఒళ్ళు మండేది.

"అమ్మా, నాన్నని మాట్లాడనిస్తావా కాస్త? ఇంత వయసొచ్చినా ఆయన్ని ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు కదా!"

"నా నోరంతే లేవే" అనేదాన్ని.

"నాన్నా, ఈవిడతో ఇన్నేళ్ళు ఎలా వేగావు నువ్వు?"

తాతయ్య నా వైపు చూసేవారు. ఆ చూపు నీకెలా చెప్పాలో తెలీదు. క్షమించు అన్నట్టూ ఉండేది, ఇంకాస్త సాయం పట్టు అన్నట్టూ ఉండేది.

భోజనం దగ్గర ఆయన అడిగేవారు, "ఫ్లైట్ ఎప్పుడమ్మా నీది?" అని. చెప్పేది. పెరుగన్నంలోకి వచ్చేసరికి మళ్ళీ, "ఫ్లైట్ ఎప్పుడమ్మా?"

"ఏంటి నాన్నా, నన్ను పంపించేయాలని అంత తొందరా?" అని ఆయన భుజం మీద గుద్దేది. ప్రేమ అనుకుంది పిచ్చిది. ప్రేమ కూడా ఉందిలే అందులో.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన మెయిల్ తేవడానికని వెళ్ళి ఎంతకీ రాలేదు. మీ అత్త డెక్ మీద నిద్రపోతోంది. నేను చెప్పులేసుకుని పరిగెత్తాను. మన వీధిలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టే ఉంటాయి కదా. ఆ చివరింటి గరాజ్ దగ్గర నిలబడి నంబర్లు నొక్కుతున్నారు. నొక్కడం, తలుపు తెరుచుకోకపోవడం, మళ్ళీ నొక్కడం. చొక్కా మొత్తం తడిసిపోయింది. నన్ను చూసి, "ఏమోయ్, మన కోడ్ ఎవరో మార్చేశారు" అన్నారు. చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాను. మీ అత్త కళ్ళు నులుముకుంటూ, "ఎక్కడికెళ్ళారు ఇద్దరూ ఈ ఎండలో?" అంది. "పక్కాయనతో కబుర్లలో పడ్డారే మీ నాన్న" అన్నాను. అబద్ధం మీద అబద్ధం, పేకముక్కల ఇల్లులాగ.

ఇంకొకరోజు మాత్రం ఆయన చాలా బాగున్నారు. అలాంటి రోజులుండేవి. వాన పడి వెలిసింది. డెక్ మీద ఇద్దరూ కూర్చున్నారు. నేను లోపల కిటికీ దగ్గర గోంగూర వలుస్తున్నాను. ఆయన గొంతు ఎంత స్పష్టంగా ఉందో!

"నీకెప్పుడూ చెప్పలేదు కదమ్మా. మీ అమ్మ ఇక్కడికి రాకముందు, మొదటి చలికాలం, నేను ఈ దేశం వదిలేసి వెళ్ళిపోదామని టికెట్ కూడా కొన్నాను."

నా చేతిలో కట్ట అలాగే ఆగిపోయింది. ఈ సంగతి నాకు కూడా తెలీదు.

"అవునా నాన్నా?" అంది అది కళ్ళు మూసుకునే. "మరెందుకు వెళ్ళలేదు?"

"అది పెద్ద కథ. ఆ రోజు సూట్‌కేస్ పట్టుకుని బస్ స్టేషన్‌కి వెళ్తే..."

"రేపు చెప్పు నాన్నా, ప్లీజ్. కళ్ళు మూసుకుపోతున్నాయి."

"సరే పడుకో తల్లీ, రేపు చెప్తా" అని కుర్చీ మీద దుప్పటి లాగి కప్పారు.

నేనప్పుడు కిటికీలోంచి అరవొచ్చు. లేవే, ఇప్పుడే అడగవే, రేపు లేదే అని. అరిస్తే ఎందుకో చెప్పాలి. చెప్పకూడదని మాటిచ్చాను. కట్ట వలవడం మొదలుపెట్టాను.

కాసిన్ని మంచినీళ్ళివ్వమ్మా.

వెళ్ళే రోజు వచ్చింది. మీ నాన్న మోరిస్‌విల్ ఆఫీస్ నుంచి వచ్చి దింపాలని అనుకున్నాం. వాడికేదో మీటింగ్ సాగుతోంది, పది నిమిషాల్లో బయల్దేరతానని ఫోన్ చేశాడు. నేను దేవుడి దగ్గర ఉన్నాను. ఎందుకో తెలుసు కదా నీకు, ఎదురు రావడానికి. మన ఇంట్లోంచి ఎవరు ముఖ్యమైన పని మీద బయల్దేరినా ముత్తైదువ ఎదురు రావాలి. మా ఊళ్ళో అయితే వీధిలో ఎవరో ఒకళ్ళు వచ్చేవాళ్ళు. ఇక్కడెవరున్నారు? అందుకని నేనే. మీ నాన్న పరీక్షలకి, గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూకి, నువ్వు పుట్టడానికి మీ అమ్మ హాస్పిటల్‌కి వెళ్ళేటప్పుడు, అన్నిటికీ నేనే. వాళ్ళు కార్లో కూర్చున్నాక, రాగి చెంబుతో నీళ్ళు పట్టుకుని గరాజ్‌లోంచి నడిచి వస్తాను. కారు ముందు నిలబడతాను, వాళ్ళు నా మొహం చూస్తారు, నేను పక్కకి తప్పుకుంటాను, వాళ్ళు వెనక్కి తీసి వెళ్ళిపోతారు. ఎదురింటి ముసలాయన ఓసారి 'డ్రైవ్‌వే ఇంత చిన్న గిన్నెతో ఎప్పటికి కడుగుతారు?' అని అడిగాడు కూడా.

ఆ రోజూ చెంబు నింపుకున్నాను. బయట మీ అత్త గొంతు వినిపించింది.

"తమ్ముణ్ణి రావొద్దని చెప్పేశానమ్మా! నాన్నే దింపుతారు, ఎప్పట్లాగే!"

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తెలిసొచ్చింది. కంటి ఆపరేషన్ అయి కొన్నాళ్ళు డ్రైవ్ చెయ్యొద్దన్నారని చెప్పింది మేమే. ఆ కొన్నాళ్ళు అయిపోయాయి కదా మరి, దాని లెక్క ప్రకారం. ఇన్ని రోజులూ తాళాలు దాని దగ్గరే ఉన్నాయి. పాపం, వాళ్ళ నాన్నకి సంతోషం కలిగించాలని తాళాలు తీసి చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళుగా ఆయన చేసిన పని ఆయనకే తిరిగిచ్చింది.

నేను గరాజ్‌లోకి వచ్చేసరికి ఇద్దరూ కార్లో కూర్చుని ఉన్నారు. కారు ముక్కు గరాజ్ వైపే ఉంది. తాతయ్య స్టీరింగ్ పట్టుకున్నారు. ఎంత గర్వంగా కూర్చున్నారో! ఆర్నెల్ల నుంచి ఆ మొహంలో నేను చూడని వెలుగు. పక్కన అది నన్ను చూసి చెయ్యి ఊపుతోంది, 'అమ్మ ఎదురొస్తోంది, ఆగు నాన్నా' అంటోంది.

ఒక్కమాట అరిస్తే చాలు. కానీ ఆయన కారు ముందద్దంలోంచి నన్నే చూస్తున్నారు. కళ్ళతోనే బతిమాలుతున్నారు. సరే, దగ్గరికెళ్ళి, 'నేనూ వస్తాను, ఒక్క నిమిషం దిగండి' అని ఏదో వంక పెట్టి దింపేద్దామనుకున్నాను. అందుకే ఆగకుండా నడిచాను. ఎప్పుడూ నిలబడే చోటుకే, కారుకి సరిగ్గా ఎదురుగా.

ఆయన గేర్ వేశారు. వెనక్కి వెళ్ళాల్సిన కారు ముందుకొచ్చింది.

మీ అత్త కేక వినిపించింది. వెనకాల ఫ్రీజర్ వీపుకి తగిలింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది చెంబు చప్పుడు. డ్రైవ్‌వే వాలు కదా, ఠంగు ఠంగుమంటూ వీధి దాకా దొర్లుకుంటూ పోయింది. అది ఆగేదాకా విన్నాను. తర్వాతే నొప్పి తెలిసింది.

ఏడవకు. ఏడిస్తే టైపింగ్‌లో తప్పులు పడతాయి. నేను బతికే ఉన్నాను కదా ఎదురుగా.

హాస్పిటల్‌లో కాల్లో రాడ్ వేశారు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి మీ అత్త పక్కన కుర్చీలో ఉంది. ప్రయాణం కోసం వేసుకున్న బట్టలే ఇంకా. ఫ్లైట్ ఎప్పుడో వెళ్ళిపోయింది. మీ నాన్న అంతా చెప్పేశాడట.

"ఎప్పట్నించి అమ్మా?" అంది.

"చలికాలం నుంచి."

"అందరికీ తెలుసు. నాకు తప్ప."

"మీ నాన్న వద్దన్నారే. నువ్వు సంతోషంగా గడిపి వెళ్ళాలని..."

"నేను నిద్రపోయానమ్మా!" అంది. అరవలేదు, మెల్లగానే అంది, అందుకే ఇంకా భయమేసింది నాకు. "నా ఇంట్లో నన్ను గెస్ట్‌ని చేశారు మీరు. మామిడిపళ్ళు తింటూ పడుకున్నాను. ఆయన ఇంకా ఆయనగా ఉన్న రోజులవి. ఎన్ని అడిగేదాన్ని! ఆ బస్ స్టేషన్ కథ... దుప్పటి కప్పారమ్మా నాకు. కప్పించుకుని పడుకున్నాను." నా మంచం మీదికి వంగి, "ఆ కథేంటమ్మా? నువ్వైనా చెప్పు" అంది.

"నాకూ తెలీదే. నేను రాకముందు సంగతి."

అంతే, మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

టికెట్ మార్చుకుని ఇంకొన్నాళ్ళు ఉంది. ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు కూడా పగలు పడుకోలేదు. నేనింకా మళ్ళీ నడక నేర్పే ఆ రీహాబ్ సెంటర్‌లోనే ఉన్నాను. పొద్దున్నే ఆయన ఎదురుగా కూర్చుని, "నాన్నా, టికెట్ కొన్నావు కదా, బస్ స్టేషన్‌కి వెళ్ళావు కదా, తర్వాత?" అని అడిగేదట. ఆయన మర్యాదగా వినేవారట. "ఎవరమ్మా వెళ్ళింది?" అనేవారట. వెళ్ళేటప్పుడు క్యాబ్ పిలుచుకుంది. ఎదురు రావడానికి ఎవరూ లేరు. ఎవర్నీ రావొద్దందట కూడా.

ఇప్పుడు రోజూ వీడియోలో మాట్లాడుతుంది. ఏదీ దాచకుండా చెప్తున్నాను. ఇవాళ అన్నం తినలేదు, ఇవాళ నన్ను వాళ్ళ అక్కయ్య అనుకున్నారు, అన్నీ. విని ఊ అంటుంది. కోపం పోయిందని అనుకోను. నేనడగను కూడా.

ఇక తాతయ్య సంగతి. ఆ రోజు హాస్పిటల్ వెయిటింగ్ రూమ్‌లోనే మీ నాన్నని అడిగారట, "ఎవరికి బాగోలేదురా?" అని. అప్పటికే చెరిగిపోయింది. ఒకసారి మాత్రం, నేను ఇంటికొచ్చిన కొత్తలో, మీ నాన్న ఉండబట్టలేక చెప్పేశాడు, "కారు నువ్వే పోనిచ్చావు నాన్నా" అని. ఆయన తల గోడకేసి కొట్టుకున్నారు. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు. మర్నాటికి అదీ మర్చిపోయారు. ఆయన మర్చిపోయారు గానీ ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. అప్పుడే మీ నాన్న చేత ఒట్టు వేయించుకున్నాను, ఇంకెప్పుడూ ఆయన ముందు ఈ మాట ఎత్తకూడదని. నువ్వూ ఎత్తకు.

హుష్. గురక ఆగింది. ఆ రికార్డింగ్ అలాగే ఉండనీ, ఇప్పుడు కదిపితే అనుమానం వస్తుంది. మొహం తుడుచుకో.

"ఏమోయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"మనవరాలండీ. కాలేజ్ నుంచి వచ్చింది. రండి, ఇలా కూర్చోండి."

"అలాగా. బాగా చదువుకోమ్మా." నా కాలివైపే చూస్తున్నారు. రోజూ ఈ వేళకే చూస్తారు, నేను కర్రకోసం చెయ్యి చాపితే. "అదేంటి, ఆ కాలికేమైంది నీకు?"

"జారిపడ్డానండీ."

"ఎక్కడ?"

"గరాజ్‌లో."

"చూసుకుని నడవొద్దూ? నన్ను పిలిస్తే పట్టుకునేవాణ్ణి కదా." వంగి మోకాలు మీద చెయ్యి వేశారు. ఎంత మెత్తగా వేస్తారో ఆ చెయ్యి. "వాచింది చూడు. లే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. తాళాలు ఎక్కడ పెట్టావు?"

"వెళ్దామండీ. ముందు టీ తాగుదాం."

"టీ తాగి వెళ్దామా?"

"ఆ, టీ తాగి వెళ్దాం."

వెళ్ళమ్మా, తాతయ్యకి టీ పెట్టు. చక్కెర తక్కువ. కాస్త ఆలస్యంగానే తీసుకురా.